‘చూద్దాంలే’ అనుకుంటే...

తెల్లవారుజామున నాలుగు గంటలు. తణుకులో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు కారు ముందు నిలబడి రిమోట్ నొక్కుతున్నారు. అరుగు మీద ఆయన భార్య ఊపిరి అందక గోడకు చేరగిలబడి ఉన్నారు. కారు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

నిజానికి ఆ రిమోట్ నెల రోజులుగా చెబుతూనే ఉంది. ఒకప్పుడు గేటు బయట నుంచే తలుపులు తెరుచుకునేవి. తర్వాత దగ్గరకెళ్లి నొక్కాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండుసార్లు, మూడుసార్లు. రిమోట్ బ్యాటరీ తగ్గిందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక కూడా వచ్చింది. ‘చూద్దాంలే’ అనుకున్నారు మాస్టారు.

వణుకుతున్న చేత్తో బెంగళూరులోని కొడుక్కి ఫోన్ చేశారు.

‘నాన్నా, కంగారుపడకండి. రిమోట్ పక్కన చిన్న మీట ఉంటుంది. అది జరిపి లాగండి, లోపల తాళంచెవి ఉంది.’

దాంతో తలుపు తెరుచుకుంది.

‘ఇప్పుడు బ్రేక్ తొక్కి, రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి.’

ఇంజిన్ అందుకుంది. రిమోట్‌లోని గుర్తింపు చిప్‌కి బ్యాటరీ అక్కర్లేదు. దగ్గరగా పెడితే కారు పంపే తరంగాల నుంచే దానికి కావాల్సిన శక్తి అందుతుంది. కొన్ని కార్లలో రిమోట్ ఆనించే చోటు వేరేగా ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకం ముందే ఓసారి తిరగేస్తే తెలుస్తుంది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక డాక్టరు అడిగారు, ‘ఆయాసం ఎన్నాళ్ల నుంచి?’

‘పది రోజులైంది. మెట్లెక్కితే చాలు’ అన్నారావిడ.

మాస్టారు తల దించుకున్నారు. ఆవిడ ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆయన ఇచ్చిన జవాబు కూడా ‘చూద్దాంలే’నే.

నాలుగో రోజు ఆవిడ ఇంటికొచ్చారు. ఆ సాయంత్రమే మాస్టారు రిమోట్ విప్పి, పాత బిళ్ల మీదున్న నంబరు చూసి, అదే తెచ్చారు: సీఆర్ 2032. మూడు వోల్టులు. అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2. సీఆర్ 2025 కూడా అంతే వెడల్పు గానీ మందం 2.5 మిల్లీమీటర్లే. పాతదాని ప్లస్ గుర్తు ఎటుందో చూసుకుని కొత్తది అలాగే అమర్చారు. కారు గేటు బయట నుంచే పలికింది.

పాత బిళ్లకు టేపు చుట్టి మనవరాలికి అందకుండా పైన పెట్టారు. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది మరి.

తర్వాత గోడ క్యాలెండరు మీద రెండు తేదీలు రాసుకున్నారు. ఒకటి, వచ్చే ఏడాది బ్యాటరీ మార్చాల్సిన రోజు. దానికన్నా ముందు, ఎర్ర సిరాతో, ఆవిడని డాక్టరుకి చూపించాల్సిన రోజు.