షామియానా కింద కాపురం వద్దు



విండోస్ సర్వర్ ప్రివ్యూ వేసుకుని, తెర మీద కింది మూలన ఉండే "ఎవాల్యుయేషన్ కాపీ" అన్న మాటల్ని పట్టించుకోవడం మానేసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఈసారి ఉత్తరం వాళ్ల కోసం. విన్‌వర్ అని కొడితే ఆ బిల్డ్ ఏ రోజుతో ముగిసిపోతుందో కనిపిస్తుంది. ఆ తేదీ ముంచుకొచ్చాక ఏం చేయాలన్నది చాలామంది అడుగుతారు. నన్నడిగితే, ఆలోచించాల్సింది అసలు ఇన్‌స్టాల్ చేసే రోజునే. షామియానా కింద పెళ్లి చేస్తాం గానీ కాపురం పెట్టం కదా!

ఇందులో బాగా గుర్తుండిపోయే ఉదంతం విండోస్ సర్వర్ 2016 తయారీ నాటిది. దాని తొలి టెక్నికల్ ప్రివ్యూ 2014 అక్టోబరు 1న వచ్చింది. గడువు 2015 ఏప్రిల్ 15. రెండో ప్రివ్యూ ఏమో మే నెలలో గానీ రాదన్నారు. మధ్యలో ఆ కొన్ని వారాలు ఏం చేయాలి? చివరికి మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ వదిలింది. అది వేసుకున్నవాళ్ల సర్వర్లు రెండోది వచ్చేదాకా నడిచాయి. మే మొదటి వారంలో షికాగోలో మైక్రోసాఫ్ట్ ఇగ్నైట్ సభల వేళ రెండోది, ఆగస్టులో మూడోది, నవంబరులో నాలుగోది, 2016 ఏప్రిల్‌లో అయిదోది వచ్చాయి. అసలు సర్వర్ అక్టోబరులో చేతికొచ్చింది. మొదటి నుంచీ వెంట నడిచినవాళ్లు రెండేళ్లలో అయిదుసార్లు ఇల్లు మారినట్టే. ప్యాచ్ దొరకడం వాళ్ల అదృష్టం. ప్రతిసారీ దొరుకుతుందని లెక్కవేసుకోకూడదు.

అసలు గడువెందుకు పెడతారు? కొత్త ప్రివ్యూ వచ్చాక పాతదాని లోపాలు సరిచేసే పని కంపెనీ పెట్టుకోదు. ఏ గదిలోనో ఒక మూలన, ఎవరికీ గుర్తులేకుండా నడుస్తున్న పాత బిల్డ్ చొరబాటుదారులకు తెరిచిన తలుపు. గడువు ఆ తలుపు మూస్తుంది.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. ప్రివ్యూ తెర మీద "ఎవాల్యుయేషన్ కాపీ" అని ఉన్నా, ఎవాల్యుయేషన్ వేరు, ప్రివ్యూ వేరు. ఎవాల్యుయేషన్ అంటే బజారులోకి వచ్చేసిన అసలు సర్వరే, 180 రోజుల వాడకానికి ఇచ్చినది. మొదటి 10 రోజుల్లో ఇంటర్నెట్ ద్వారా యాక్టివేట్ చేయాలి. గడువు తీరితే గంటకోసారి తనంతట తానే ఆగిపోతుంది. ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్ కమాండుతో రీఆర్మ్ చేసి గడువు పెంచుకోవచ్చు. ఇంకా ఎన్నిసార్లు మిగిలిందో అదే కమాండుకు డీఎల్‌వీ తగిలిస్తే చూపిస్తుంది. లైసెన్స్ కొన్నాక డిస్మ్ కమాండుతో అదే మెషీన్‌ని పూర్తి ఎడిషన్‌గా మార్చుకోవచ్చు. డొమైన్ కంట్రోలర్‌కు మాత్రం ఈ సౌకర్యం లేదు.

ప్రివ్యూ సంగతి అలా కాదు. తేదీ ఆ బిల్డ్‌లోనే నాటుకుని ఉంటుంది. రీఆర్మ్ దాన్ని కదపలేదు. లైసెన్స్ కీ ఇచ్చి అసలు సర్వర్‌గా మార్చే దారీ లేదు. అమీర్‌పేటలో కోర్సు చేస్తూ ల్యాప్‌టాప్‌లో ల్యాబ్ పెట్టుకున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ అందుకే చెప్పేది: యాక్టివ్ డైరెక్టరీ, హైపర్-వి నేర్చుకోవడానికి ఎవాల్యుయేషన్ చాలు. కొత్త ఫీచర్ ముందే చూడాలన్న పని ఉంటేనే ప్రివ్యూ జోలికి వెళ్లండి.

గడియారం వెనక్కి తిప్పితే సరిపోతుందనే చిట్కా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. వినకండి. డొమైన్‌లో లాగిన్లు చూసే కెర్బెరోస్ మామూలుగా అయిదు నిమిషాల తేడా వరకే ఓర్చుకుంటుంది. అది దాటితే డొమైన్‌లోకి లాగిన్లు ఆగిపోతాయి. సర్టిఫికెట్లు "ఇంకా అమల్లోకి రాలేదు" అని మొరాయిస్తాయి. లాగ్‌లలో ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఒక చిక్కు తప్పించుకోబోయి మూడు చిక్కులు తెచ్చుకోవడమే.

మరి గడువు దగ్గరపడ్డవాళ్లు ఏం చేయాలి? ముందు ఆ సర్వర్ మీద ఏమేం నడుస్తున్నాయో, వాటి మీద ఎవరెవరు ఆధారపడ్డారో కాగితం మీద రాయండి. డేటా ఇంకా సీ డ్రైవ్‌లోనే ఉంటే విడిగా ఒక వర్చువల్ డిస్కులోకి మార్చండి. రేపు కొత్త మెషీన్‌కి ఆ డిస్కు తగిలిస్తే సరిపోతుంది. డీహెచ్‌సీపీ లాంటివాటికి పవర్‌షెల్‌లో ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ కమాండ్లున్నాయి. చెక్‌పాయింట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి, పాత చెక్‌పాయింట్‌కి వెళ్లినా బిల్డ్ అదే, తేదీ అదే. ప్రివ్యూ మెషీన్ డొమైన్ కంట్రోలర్ అయితే, విడుదలైన సర్వర్ మీద ఇంకో కంట్రోలర్ నిలబెట్టి, అయిదు ఎఫ్‌ఎస్‌ఎమ్‌ఓ రోల్స్ దానికి అప్పగించి, రెప్లికేషన్ సరిగ్గా ఉందని చూసుకున్నాక పాతదాన్ని డిమోట్ చేయండి.

కొన్ని పనులు మాత్రం వెనక్కి తీసుకోలేం. ఆఫీసులోని నిజమైన డొమైన్‌లో ప్రివ్యూని కంట్రోలర్‌గా చేరిస్తే ఫారెస్ట్ స్కీమా కొత్త వెర్షన్‌కి మారుతుంది. ప్రివ్యూ పోయినా ఆ మార్పు పోదు. పాత స్థితి కావాలంటే ఫారెస్ట్ మొత్తాన్ని బ్యాకప్ నుంచి నిలబెట్టాలి. హైపర్-విలోనూ ఇలాంటిదే ఉంది: వర్చువల్ మెషీన్ కాన్ఫిగరేషన్ వెర్షన్ పెంచితే, ఆ వెర్షన్ తెలియని పాత హోస్ట్ మీద అది మళ్లీ నడవదు. ప్రివ్యూకి విడిగా ఒక నెట్‌వర్క్, విడిగా ఒక డొమైన్ ఉండాలనేది అందుకే.

లినక్స్ వాడేవాళ్లకి ఈ బాధ తక్కువ. ఉబుంటు బీటా వేసుకుని, మామూలు అప్‌డేట్లు చేసుకుంటూ పోతే విడుదల రోజుకి అది అసలు ఉబుంటుగానే మారిపోతుంది. విండోస్ ప్రివ్యూ వేసుకున్నవాళ్లు మాత్రం కొత్త ఇన్‌స్టలేషన్‌కి ముందే సిద్ధపడి ఉండటం మేలు.

కాబట్టి ప్రివ్యూ వేసిన పూటే రెండు పనులు చేసేయండి. గడువు తేదీని వర్చువల్ మెషీన్ పేరులోనే పెట్టండి. సర్వర్‌ని ఎలా కట్టారో స్క్రిప్టుగా రాసి మరో చోట దాచండి. ఆ స్క్రిప్టుతో ఖాళీ మెషీన్ మీద ఒకసారి మొత్తం కట్టి చూశారంటే, గడువు తేదీ మీకు క్యాలెండర్లో ఇంకో పనిదినం, అంతే.

వచ్చే ఉత్తరంలో ఆ స్క్రిప్టు ఎలా రాయాలో, ఒక చిన్న ఫైల్ సర్వర్‌తో మొదలుపెట్టి చూద్దాం. మీ ల్యాబ్‌లో గడువు తీరబోయేవి ఏమున్నాయో ఈలోగా జాబితా రాసుకుని ఉంచండి.

ఉంటాను మరి,
మీ సర్వర్ రూమ్ నేస్తం