ఉప్పుకి చక్కెర తోడు

 

వానాకాలం వస్తే మన గూడేల్లో పిల్లలకు విరేచనాలు. "నీళ్లు పడితే ఇంకా ఎక్కువైతయి" అంటూ ఆపేస్తుంటారు. బయాలజీలో కణత్వచం పాఠం విన్నాక మాకు అసలు సంగతి తెలిసింది. పేగు కణత్వచంలో ఒక ప్రోటీన్ ఉంటుంది. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు కలిసి వస్తేనే లోపలికి చేరవేస్తుంది. వాటి వెంటే నీళ్లూ పోతాయి. విరేచనాలప్పుడు కూడా ఈ దారి మూసుకోదు.

1971లో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి నీళ్లు తాగించే కలరా రోగుల్ని బతికించారు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఆశా అక్కనడగండి. లేకుంటే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు మించొద్దు. బిడ్డ మత్తుగా ఉంటే మాత్రం ఆగకుండా ఆస్పత్రికే. ఇంట్లోవాళ్లకు మన భాషలోనే చెబుదాం.