బండి పొట్టకి కవచం

మన తెలుగువాళ్ళ గరాజ్‌లో మామూలుగా కారు తప్ప అన్నీ ఉంటాయి. బియ్యం బస్తాలు, ఖాళీ సూట్‌కేసులు, ఊరి నుంచి మోసుకొచ్చి ఒక్కసారి కూడా తిప్పని గ్రైండరు. డెన్వర్‌లో మా ఇంట్లోనూ అంతే. గత ఏప్రిల్‌లో ఓ శనివారం వాటన్నిటినీ గోడవారకి నెట్టి, మా పికప్ ట్రక్కు కింద మూడు తరాల వాళ్ళం వెల్లకిలా పడుకున్నాం. డెబ్బై ఒకటో ఏట మా నాన్నగారు, నలభై నాలుగో ఏట నేను, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి. ఎందుకంటారా? చెబుతాను.

అంతకు ముందు అక్టోబరులో యూటాలో ఓ మట్టిరోడ్డు మీద వెళ్తుంటే బండి కింద "ఠంగ్" మని చప్పుడయింది. చిన్న రాయేలే అని ముందుకు పోనిచ్చాను. అరమైలు వెళ్ళేసరికి ఎర్రటి ఆయిల్ దీపం వెలిగింది. దిగి చూస్తే మట్టిలో మా వెనకే నల్లటి గీత. ఇంజనాయిలంతా కారిపోయింది. ఫోనుకి సిగ్నల్ లేదు. మంచినీళ్ళు రెండే సీసాలు. నాలుగు గంటల తర్వాత ఎవరో దంపతులు తమ జీపులో మమ్మల్ని ఊళ్ళోకి చేర్చారు. ఆ నాలుగు గంటల్లో మా అమ్మాయి ఒకటే ప్రశ్న: "మనం ఇంటికి వెళ్తామా నాన్నా?" వెళ్తామన్నాను. ఎలాగో మాత్రం నాకూ తెలియదు.

ఆ తర్వాత బండి తారురోడ్డు దిగితే చాలు, పిల్ల సీటు బెల్టు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకునేది. "కంప్యూటర్లలో మాస్టర్స్ చేశారు గానీ, చప్పుడైతే బండి ఆపాలని తెలియలేదు" అంది మా ఆవిడ. కాదనడానికి ఏముంది?

మార్చిలో నాన్నగారు వచ్చారు. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసిన మనిషి. కథంతా విని, "చాంబర్ పగిలిందన్నమాట. గార్డు వేయించలేదా?" అన్నారు. ఇక్కడ ఆయిల్ పాన్ అనేదాన్ని మన మెకానిక్కులు చాంబర్ అంటారు. దానికి రాళ్ళు తగలకుండా కింద బిగించే రేకు చాంబర్ గార్డు. ఇక్కడివాళ్ళ మాటలో స్కిడ్ ప్లేట్.

కొందామని కూర్చుంటే ఉక్కా, అల్యూమినియమా అన్న ప్రశ్న వచ్చింది. ఉక్కు ప్లేట్లు ఎక్కువగా 3/16 అంగుళం, అల్యూమినియంవి పావు అంగుళం మందంలో దొరుకుతాయి. అల్యూమినియం తేలిక, ఉక్కులా తుప్పు పట్టదు. కానీ రాయి గీసుకుంటే లోతుగా కోసుకుని పట్టేస్తుంది. ఉక్కు రాయి మీద జారిపోతుంది, కానీ బరువు. ఆ బరువు ముందు స్ప్రింగుల మీదా, మైలేజీ మీదా పడుతుంది. నేను స్ప్రెడ్‌షీట్ వేసుకుని వారం రోజులు తూచాను. నాన్నగారు ఒక్క మాటతో తేల్చేశారు. "వెళ్ళేది రాళ్ళ మీదికా, రేసుకా?" ఉక్కే తెప్పించాం. ఇంజన్ కిందికి ఒకటి, గేర్‌బాక్స్ కిందికి ఒకటి, ట్రాన్స్‌ఫర్ కేసు కిందికి ఒకటి.

"జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు." ఇది మొదటి పాఠం. చదునైన నేల మీద చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, ఛాసీ కింద స్టాండ్లు నిలిపి, బండిని నాలుగుసార్లు కుదిపి చూశాక గానీ ఆయన పిల్లని దగ్గరికి రానివ్వలేదు. టార్చిలైటు పట్టుకోవడం తన ఉద్యోగం.

"ఇదేంటి తాతయ్యా?"

"చాంబరు. బండి రక్తం నిలవుండేది ఇక్కడేనమ్మా."

"పోయినసారి పగిలింది ఇదేనా?"

"ఇదే. ఇప్పుడు కొత్తది వేశారు. చల్లగానే ఉంది, చెయ్యి పెట్టి చూడు."

తన చిన్న అరచెయ్యి దానికి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది.

నేను మొదటి బోల్టునే బలమంతా పెట్టి బిగించేశాను. మిగతా రంధ్రాలు ఒక్కటీ కలవలేదు! "ఒరేయ్, పంక్తిలో ఒకడికి పాయసం దాకా వడ్డించేసి, రెండోవాడికి అప్పుడు ఆకు వేస్తావా?" అన్నారు నాన్నగారు. అన్ని బోల్టులూ ముందు చేత్తో నాలుగు చుట్లు ఎక్కించాలి. ప్లేటు సర్దుకున్నాక వంతులవారీగా బిగించాలి. చివర టార్క్ రెంచితో, తయారీదారు కాగితంలో చెప్పినంతే. ఆయిల్ మార్చుకోవడానికి కన్నం, గాలాడటానికి చీలికలు ప్లేటులో ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోవాలి. మూడు గంటల పని అనుకున్నాం. మధ్యలో పప్పన్నం, కునుకు కలిపి ఎనిమిది పట్టింది.

మే నెలలో మోయాబ్ బయల్దేరాం. డెన్వర్ నుంచి సుమారు 350 మైళ్ళు. అక్కడికి దగ్గర్లోనే 1964లో ఏర్పడిన కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కు. అందులో "ఐలాండ్ ఇన్ ది స్కై" అనే ఎత్తైన పీఠభూమి అంచు నుంచి కిందికి దిగేదే షేఫర్ ట్రయిల్. ఒకప్పుడు ఆదివాసులు నడిచిన దారి. 1900ల మొదట్లో షేఫర్ కుటుంబం వారు పశువుల్ని తోలుకెళ్ళారు. ఆ తర్వాత యురేనియం లారీల కోసం వెడల్పు చేశారు. ఎర్రటి కొండకి చుట్టిన తాడులా మెలికలు తిరుగుతూ సుమారు 1,500 అడుగులు దిగుతుంది. మన తిరుమల ఘాట్ రోడ్డే అనుకోండి, పిట్టగోడ ఒక్కటీ లేదు! పైకెక్కే బండికి దారివ్వడం ఇక్కడి నియమం. లో గేరులో, బ్రేకు మీద కాలు ఎక్కువ వెయ్యకుండా దిగాం. వెనక సీట్లో పిల్ల బెల్టు పట్టుకునే ఉంది.

కింద పొటాష్ రోడ్డెక్కాక ఓ ఎండువాగు దాటుతుంటే, "ఠంగ్!" అదే చప్పుడు. ఈసారి వెంటనే ఆపాను. ఎవరమూ మాట్లాడలేదు. అద్దంలో చూస్తే మా అమ్మాయి కళ్ళు తెరిచే ఉన్నాయి. "మధ్య ప్లేటు నాన్నా" అంది. నాకంటే ముందే టార్చి పట్టుకుని దిగింది. ప్లేటు మీద జానెడు పొడుగున మెరిసే గీత. నేల మీద చుక్క ఆయిల్ లేదు. "రక్తం రాలేదు తాతయ్యా!" అని అరిచింది. ఆ అరుపు కొండలకి తగిలి తిరిగొచ్చింది.

నేను పొంగిపోయి గేరు వేయబోతుంటే నాన్నగారు నా భుజం తట్టారు. "గార్డు ఉంది తప్పు కాయడానికి రా. తప్పు చెయ్యమని కాదు." మిగతా దారిలో పెద్ద రాయి కనబడినప్పుడల్లా ఆయనే దిగి, చక్రం ఎటు పోవాలో చేత్తో చూపించారు.

కొంత దూరం పోయాక ఎడారి మధ్యలో నీలం చెరువులు. భూమి లోపలికి నీళ్ళు పంపి, కరిగిన పొటాష్‌ని పైకి తోడి, ఎండ బాగా పీల్చుకునేలా నీలిరంగు కలిపి ఆరబెడతారు. ఎరువులకి వాడే పొటాషే. మన దేశానికి అది దాదాపు అంతా దిగుమతే. "మన వరిచేలో చల్లే బస్తా ఇలాంటి చోట పుడుతుందన్నమాట!" అని నాన్నగారు చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

మీరూ వెళ్ళాలనుకుంటే ఒక మాట. షేఫర్‌కి స్కిడ్ ప్లేట్లు తప్పనిసరి కాదు. నేల నుంచి ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉండాలి. వాన పడినా, మంచు పడినా వెళ్ళకండి. ముందు రోజు పార్కువాళ్ళని దారి ఎలా ఉందో అడగండి. మనిషికో గాలను నీళ్ళు పెట్టుకోండి. ముఖ్యంగా, చప్పుడైతే ఆపండి.

నాన్నగారు ఆగస్టులో ఇండియా వెళ్ళిపోయారు. ఆదివారం ఫోన్లో ఆయన మొదటి ప్రశ్న నా ఉద్యోగం గురించి కాదు.

"బోల్టులు చూశారా?"

"చూశాం తాతయ్యా. ఒకటి కొంచెం వదులైంది. నేనే బిగించాను" అంది మా అమ్మాయి.