చెరువు నడుమ రాయి

మేము కాపురముండు మాదాపురము ఒకప్పుడు బండలును తుమ్మచెట్లునుగల పల్లె. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సు అను గుండ్రని మేడను ప్రారంభించినది మొదలు ఇచ్చటి బండలు పగులుచునే యున్నవి, అద్దాల మేడలు లేచుచునే యున్నవి. మావారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. కంప్యూటరు కొలువులవారి యిండ్ల అద్దెలు మాకు అందునవి కావు గనుక పాత ఊరి సందులో రెండు గదుల యింట నున్నారము. అయినను మా డాబా యెక్కితిమా, ఆ కార్యాలయముల దీపములన్నియు మాకును ఉచితముగనే కనబడును.

2019వ సంవత్సరమున వానలు వెనుకబట్టిన పిదప ఒకనాటి రాత్రి, మా అత్తగారు డాబాపై కూర్చుండి, "దీపాలకు గుడి కట్టింది బిడ్డా, వాన వస్తదేమో" అనిరి. చంద్రునికి గుడికట్టుట యెరుగుదుము గాని కరెంటు దీపములకు గుడికట్టుట యెక్కడనైన గలదా యని మేము నవ్వితిమి. పిల్లలును నవ్విరి. ఆమెయు నవ్విరి.

ఈ నవ్వును గూర్చి వ్రాయుటకు మాకు సిగ్గుగ నున్నది. ఏలయన, అంతకు నాలుగైదు నెలలనుండియు ఆమె కాఫీని గ్లాసు ప్రక్కన పోయుటయు, గడపకు కాలు తన్నుకొనుటయు, ప్రక్కనుండి వచ్చిన మనుమని గమనింపక త్రోసివేయుటయు జరుగుచునే యుండెను. ఒకనాడు పాలు ఒలికినప్పుడు, "చూచి పోయరాదా అత్తమ్మా, పాలు ఊరకే వచ్చుచున్నవా?" అని గట్టిగనే యంటిమి. ఆమె మారుపలుకక గుడ్డ తెచ్చి తుడిచిరి. ఆ తుడుచుట యైనను సగము తుడిచి సగము విడిచిరి. అది కన్నులార చూచియు మాకు తట్టలేదు. మా తండ్రిగారు మాకు బాల్యమున భారత భాగవతములు చెప్పిరి. ధృతరాష్ట్రుని గ్రుడ్డితనమును గూర్చి గంటలకొలది వినియున్నారము. ఇంటిలోని మనిషి కన్ను ఆరిపోవుచుండుట మాత్రము తెలిసికొనలేకపోతిమి.

దసరా సెలవులలో కంటివైద్యుని యొద్దకు కొనిపోగా ఆయన నీటికాసులని తేల్చిరి. ఆయన చెప్పినదానిని సోదరీమణులకు ఉపయోగపడునని ఇచ్చట వ్రాయుచున్నారము. కంటిలో నిత్యము ఊరు నీరు వెలికి పోవుదారి మూసికొనిపోయినచో లోపల ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడి చూపును మెదడునకు కొనిపోవు నరమును మెల్లమెల్లగ నలుపును. పెక్కుమందికి నొప్పి యుండదు. మొదట ప్రక్కచూపు పోవును. నడిమిచూపు కడవరకు నిలుచును గనుక ఎదుటివారి మొగము కనబడుచునే యుండును, రోగికే రోగము తెలియదు. దీపములచుట్టు గుడులు కనబడుటయు ఈ వ్యాధిలో కలదు. శుక్లములైనచో తీసివేసి కటకము నమర్చిన చూపు తిరిగివచ్చును, ఇది యట్లుగాదు. పోయినది పోయినదే. చుక్కలమందు వేసికొన్నచో మిగిలినది నిలుచును. తల్లికున్న బిడ్డకు వచ్చుట కలదని చెప్పి మావారి కన్నులనుగూడ అప్పుడే పరీక్షించిరి. ఆయనకు లేదు. అత్తగారికి ఎడమకన్ను ఇంచుమించు పోయినది. కుడికంట ఒక గొట్టములోనుండి చూచినంత మేర మిగిలినది.

ఆటోలో తిరిగివచ్చుచు, "చూడవలెనని మీకేమైన కోరిక యున్నదా అత్తమ్మా?" యని అడిగితిమి. "బుద్ధుని బొమ్మ" అనిరి.

ఈ మాట మాకు క్రొత్తది కాదు. మాదాపురమునకు వచ్చిన నాటినుండియు ఆమె అడుగుచునే యుండిరి. పరీక్షాపత్రములు దిద్దుటయైన పిదప ననియు, ఎండలు తగ్గిన పిదప ననియు, పిల్లవాని జ్వరము నెమ్మదించిన పిదప ననియు మేమును మావారును తొమ్మిదేండ్లు గడపితిమి. మా యింటికిని హుసేన్ సాగరమునకును దూరము రమారమి పదునైదు కిలోమీటరులు!

ఆమె పుట్టిల్లు భువనగిరి చెంతనున్న రాయగిరి ప్రాంతము. సాగరము నడుమనున్న ఆ విగ్రహపు రాయి ఆ కొండలదే. అమెరికాలో సముద్రపుటొడ్డున నిలిపిన స్వేచ్ఛాదేవి విగ్రహమును చూచి వచ్చిన నందమూరి తారకరామారావుగారికి తన రాజధానిలోను అట్టిదొకటి నిలుపవలెనని తలపు గలిగెను. 1985లో పని మొదలయ్యెను. ఎస్. ఎం. గణపతి స్థపతిగారి ఆధ్వర్యమున వందలకొలది శిల్పులు ఏండ్లతరబడి ఒకే రాతిని చెక్కిరి. మా అత్తగారి తమ్ముడు, మీసకట్టు రాని బాలుడు, ఆ శిల్పులకు కడవలతో నీరు మోసి కూలి తెచ్చుకొనెడివాడట. "ఇయ్యాల ముక్కు వచ్చిందక్కా, ఇయ్యాల పెదవులు వచ్చినయి" అని పొద్దుగూకి వచ్చి చెప్పెడివాడట. ఆ విధముగ ఆమె విగ్రహమును చూడకమునుపే వినియుండిరి.

1988లో దానిని పడుకొనబెట్టి 192 చక్రముల బండిపై నగరమునకు తరలించిరి. ఏబది యడుగులకు మించిన పొడవు, వందల టన్నుల బరువు. బండి మనిషి నడకకంటె మెల్లగ సాగినదట. ఊరి ఆడవారు టెంకాయలు కొట్టి దండములు పెట్టిరి. మావారికప్పుడు తొమ్మిదేండ్లు. ప్రక్కన పరుగెత్తుచు చక్రములు లెక్కింపబూని, నూరు దాటిన తరువాత లెక్క తప్పితినని ఇప్పటికిని విచారపడుదురు. లెక్కల మాస్టరుగారి తొలి యోటమి యదియే.

1990లో తెప్పపై నెక్కించి చెరువునడుమ రాతికడకు కొనిపోవుచుండగా తెప్ప ఒరిగి విగ్రహము నీటబడెను. దానితోగూడ పనివారు పలువురు మునిగి మరణించిరి. రామనామము వ్రాసిన రాళ్లు తేలినవని చదువుకొన్నాము, ఇది మునిగిపోయెను. అప్పటికి రాయగిరిలో పని ముగిసి తమ్ముడు సూరతునకు బట్టలమిల్లు పనికి పోయియుండెను. అతడు వ్రాసిన ప్రతి కార్డులోను ఒకే ప్రశ్న: బొమ్మ లేచినదా? రెండేండ్లకు పైగా విగ్రహము చెరువు అడుగుననే యుండెను. 1992 డిసెంబరు మొదటి తేదీన లేవనెత్తి రాతిపై నిలిపిరి. అత్తగారికి చదువు రాదు గనుక కుమారునిచేత కార్డు వ్రాయించి వేసిరి. ఆ కార్డు తిరిగి వచ్చెను. జ్వరమువచ్చి అతడు పోయిన వార్త అంతకు పిదప ఊరివాడొకడు తెచ్చెను.

ఇంత కథ యున్నదని మాకు ఆనాటి ఆటోలోనే తెలిసినది.

డిసెంబరు నెలలో ఒక శనివారము సాయంకాలము బయలుదేరితిమి. హైటెక్ సిటీ స్టేషనుకు ఆ యేటి మార్చిలోనే మెట్రోరైలు వచ్చియుండెను. అమీరుపేటలో బండి మారి లకడీకాపూలులో దిగి, ఆటోలో లుంబినీ ఉద్యానవనమునకు చేరితిమి. రాత్రివేళ అచ్చట నీటిపై లేజరు ప్రదర్శనము జరుగుచుండెను. మొదట అది చూచిన చెరువు పుట్టుపూర్వోత్తరములు పిల్లలకు తెలియును, ఆ పిమ్మట పడవలో పోవచ్చునని మావారి యేర్పాటు. బడిలో పాఠమునకు ముందు పీఠిక చెప్పు అలవాటు ఇంటను విడువరు.

వాకిట మా సంచి యంతయు తీయించి చూచిరి. అత్తగారు రుమాలులో కట్టుకొన్న టెంకాయనుగూడ విప్పి చూచిరి. పిల్లలు విసుగుకొనగా మావారు మెల్లగ మాతో ననిరి: 2007 ఆగస్టు 25వ తేదీన సరిగా ఈ ప్రదర్శనము వేళనే ఇచ్చట బాంబు ప్రేలినది, కోఠిలో నింకొకటి. రెండుచోట్లను గలిపి నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో మహారాష్ట్రమునుండి విహారమునకు వచ్చిన విద్యార్థులుండిరి. మేము పిల్లలను నడుమ కూర్చుండబెట్టుకొంటిమి. అట్లు చేయుటవలన ప్రయోజనమేమో మాకే తెలియదు.

దీపములార్పిరి. గొట్టములనుండి నీరు విసనకఱ్ఱవలె పైకి చిమ్మి తెరయైనది. ఆ నీటి తుంపరలపై వెలుగు పడి బొమ్మలైనవి. గోలకొండ, చార్మినారు, నర్తకులు, పిచ్చుకలు—ఉన్నట్లుండి పుట్టుట, గాలివీచిన చెదరుట. గుడ్డతెరపై బొమ్మ కదలును. ఇచ్చట తెరయే కదలును. అందులోనే చిత్రమున్నది. సంగీతపు హోరు మాత్రము మాకు నచ్చలేదు. కథయంతయు రాజులదిగ తోచినది. ఈ చెరువు 1562 ప్రాంతమున ఇబ్రాహీం కుతుబ్ షా కాలమున హుసేన్ షా వలీ కట్టించినది. 1591లో పుట్టిన నగరముకంటె ముప్పదియేండ్లు పెద్దది. కట్ట పోసిన చేతులెవరివో ఏ వెలుగును చూపదు కదా!

అత్తగారి చూపు గొట్టమంత సన్నము. వెలుగు ఇటునుండి అటు పరుగెత్తునప్పటికి ఆమెకు అందకపోయెను. మేము చెవిలో చెప్పసాగితిమి. "ఇప్పుడు కోట, అత్తమ్మా. ఇప్పుడు ఏనుగు. ఇప్పుడు ఉత్త నీళ్లే." సంజయుడు చెప్పిన యుద్ధమైనను ఇంత గజిబిజిగ నుండదు. కొంతసేపటికి ఆమె మా చేయి తట్టి, "నువ్వు చూడు బిడ్డా, నేను నీళ్ల చప్పుడు ఇంటున్న" అనిరి. పాలు ఒలికిన దినము మాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినది. చీకటిగా నుండుట మంచిదైనది.

ప్రదర్శనము ముగిసిన పిదప పడవలరేవు దగ్గరకు నడచితిమి. అంత చీకటిలో ఆమెను పడవ యెక్కించుటకు మాకు ధైర్యము చాలలేదు. తిరుగుదమని చెప్పుచుండగా ఆమె కదలక నిలిచిపోయిరి. చెరువు నడుమ దీపముల వెలుగులో తెల్లని విగ్రహము, అరచేయంత ఎత్తున కనబడుచున్నది. దూరముననుండుటచే ఆ మిగిలిన సన్నని చూపులో అది మొత్తము ఇమిడినది. "లేచి నిలబడ్డడు" అనిరి. ఎంతసేపు చూచిరో మేము గడియారము చూడలేదు. పిల్లలుకూడ తొందరపెట్టలేదు.

మరుసటి ఆదివారము పగటివేళ మరల వచ్చి పడవ యెక్కితిమి. నారింజరంగు చొక్కాలు తొడిగి బిగించిరి. అత్తగారు వానిని చూచి సిగ్గుపడిరి. చెరువు వాసన మంచిది కాదు, దాచనేల? జిబ్రాల్టరు రాయి యని పిలువబడు ఆ చిన్న ద్వీపముపై దిగి మెట్లెక్కి విగ్రహపు పాదపీఠమును చేరితిమి. విచిత్రమేమనగా, అంత దగ్గరకు వచ్చినప్పుడు ఆమెకు బుద్ధుడు కనబడలేదు. ఒకసారి వస్త్రపు మడత, ఒకసారి అభయమిచ్చు చేయి, ఒకసారి ఆకాశము. తలయెత్తి వెదకి వెదకి, "ఇంత పెద్దగుంటే కండ్లల్ల పట్టడు. ఆ రాత్రి మంచిగ కనబడ్డడు" అనిరి. మా పీఠికలో ఏమి తప్పున్నను ఒడ్డున నిలిచిన ఆ కొంచెముసేపే ఆమెకు ద్వీపమైనది.

తరువాత చెప్పులు విడిచి, పీఠముపై అరచేయి ఆనించి, ప్రదక్షిణముగ మెల్లగ నడచిరి. మా అబ్బాయి రెండవచేయి పట్టుకొనెను. "పాదాలు ఇంకా పైననమ్మా, ఇది పీఠము" అని మావారు చెప్పగా, "ఉండనీ. నీళ్లు మోసినోడు పాదాల దాక పోయిండో లేదో" అనిరి. టెంకాయ అచ్చట కొట్టుట తగదని మావారనిరి. అది మరల రుమాలులోనే యింటికి వచ్చి మరునాడు పచ్చడి యయ్యెను. ఈ సారి కొబ్బరి తురిమినది మేము. రుచి చూచి ఉప్పు చాలలేదన్నది ఆమె.

ఆ రాత్రి భోజనములైన పిదప అత్తగారు తమ రేకుపెట్టెలోనుండి ఆ పాత కార్డును తీయించిరి. పసుపుపచ్చబడి అంచులు చీలినది. పదుమూడేండ్ల పిల్లవాని గుండ్రని అక్షరములు: "మామా, బొమ్మ లేచింది. మేమింకా చూడలేదు." క్రింద కొంచెము చోటు మిగిలియున్నది. "ఇంకొక్క మాట రాయిరా" అనిరి. ఏమని యడుగక, మావారు లెక్కల పుస్తకములు దిద్దు ఎఱ్ఱసిరా కలమును ప్రక్కనబెట్టి, నీలిది వెదకి తెచ్చి, "చూసినం" అని వ్రాసిరి.