పెద్దబడి దారిలో...

అరసవల్లి గుడి దగ్గర మొక్కులవాళ్లు, తలనీలాలవాళ్లు, ఇంద్రపుష్కరిణి మెట్ల మీద తడిబట్టలవాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లే. జూన్ రెండో వారంలో మాత్రం కొత్త సంచులు తగిలించుకున్న పిల్లలూ కనిపిస్తారు. ఊరిబడి వదిలి శ్రీకాకుళంలో పెద్ద స్కూళ్లకు వెళ్లబోయేవాళ్లు. సూర్యనారాయణ స్వామికి దణ్ణం పెట్టించి, అట్నుంచటే ఆటో ఎక్కిస్తారు పెద్దలు.

ఇక్కణ్నుంచి ఏడురోడ్ల జంక్షన్ ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరంలోనే పిల్లాడి పేరు మారిపోతుంది. ఊరిబడిలో వాడు ఫలానావారి మనవడు. నాలుగు రోజులు రాకపోతే మాష్టారే ఇంటికొచ్చి అడుగుతారు. పెద్దబడిలోనో? 'నైన్త్ బి, నలభై మూడు'. అంతే!

నన్నైతే ఆ జంక్షన్ కూడా దాటించి విశాఖ బస్సెక్కించారు. మా ఊళ్లో తరగతికి పద్దెనిమిది మందిమి. అక్కడ ప్రార్థనకు నిలబడితే చివరి వరుస ఎక్కడుందో కనిపించదు. మొదటిరోజు లెక్కల మాష్టారు ఏదో అడిగితే 'ఏటండీ?' అన్నాను. గదంతా ఘొల్లుమంది. తర్వాత పదిహేను రోజులు నోరు విప్పితే ఒట్టు. 'ఎల్తన్నాను'ని లోపల్లోపలే 'వెళ్తున్నాను'గా దిద్దుకునేసరికి ప్రశ్న పక్క బెంచీకి వెళ్లిపోయేది.

అలా నవ్వేవాళ్లకు గిడుగు రామమూర్తి ఎక్కడివారో చెప్పాలనిపిస్తుంది. ఈ జిల్లావారే. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టారు. 1875లో తండ్రి పోయాక విజయనగరంలో బంధువుల ఇంట ఉంటూ మహారాజావారి స్కూల్లో చేరారు. అప్పటికి పన్నెండేళ్లు. అక్కడ దొరికిన స్నేహితుడు గురజాడ అప్పారావు. ఆయనా చీపురుపల్లిలో చదువుకుని, తండ్రిని పోగొట్టుకుని విజయనగరం వచ్చినవారే! వారాలు చేసుకుంటూ చదివారు. ఊరు మారిన ఇద్దరు పిల్లలకు పెద్దబడి ఇచ్చిన స్నేహం అది. కడదాకా నిలిచింది.

గిడుగు 1879లో మెట్రిక్ పాసై, మరుసటేడు పర్లాకిమిడి బడిలో ముప్పై రూపాయల జీతానికి మాష్టారయ్యారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని తర్వాత ఆయన చేసిన పోరాటం తెలిసిందే. గురజాడ 'కన్యాశుల్కం' నిండా ఉన్నదీ ఈ వైపు మాటే. ఆగస్టు 29, గిడుగు పుట్టినరోజు, మనకు తెలుగు భాషా దినోత్సవం. బడుల్లో పటాలకు దండలు, వ్యాసరచన పోటీలు! ఆ ఒక్కరోజైనా వెనకబెంచీ కొత్తపిల్లాణ్ని 'ఏటి' అననిస్తున్నారా? నాకైతే అనుమానమే.

మార్చి, అక్టోబరు నెలల్లో కొద్దిరోజులు పొద్దుటి కిరణాలు నేరుగా స్వామి పాదాలను తాకుతాయి. మార్చిలో ఆ సంబరం ముగిసేసరికి పదో తరగతి పరీక్షలు ముంచుకొస్తాయి. జూన్‌లో నాన్న వేలు పట్టుకొచ్చినవాళ్లు ఇప్పుడు హాల్‌టికెట్లతో, ముగ్గురూ నలుగురూ కలిసి వస్తారు. పెద్దలెవరూ పక్కన ఉండరు. క్యూలో నిలబడి ఒకణ్నొకడు అడుగుతుంటాడు.

"ఏటి సదివినావురా?"