వాక్స్వాతంత్ర్యము

వాక్స్వాతంత్ర్యమనగా నేమి? తోచిన మాటను నిర్భయముగా పలుకగలుగుటయే యని నేను చిరకాలము తలచుచుంటిని. మన రాజ్యాంగము 19వ అధికరణమున ఈ హక్కును పౌరులందరికి నొసగినది. ఇక కొరత యేమున్నదని నా ధీమా. అరకులోయలో గడపిన యొక పూట ఆ ధీమాను కదలించినది.

అచ్చటి యొక కొండపల్లెలో గ్రామసభ జరుగుచుండగా నేనును ఒక మూల కూర్చుంటిని. ఊరిప్రక్క కొండను రాతికొరకు త్రవ్వింపవచ్చునా యనునది ప్రశ్న. వచ్చిన యధికారి తెలుగున చాలసేపు ప్రసంగించెను. పిదప నొక వృద్ధురాలు లేచి, కొండవైపు చేయి చాచి, తన కువి భాషలో గట్టిగా నేమో పలికెను. "ఏమంటున్నది?" అని యధికారి యడుగగా, గుమాస్తా "సరే నంటున్నదండీ" యనెను. నా ప్రక్కనున్న యువకుడు మాత్రము నా చెవిలో, "కాదు బాబూ! కొండ జోలికి రావద్దంటున్నది" అని చెప్పెను. పుస్తకములో "అందరును సమ్మతించిరి" అని వ్రాసికొనిరి, వ్రేలిముద్రలు వేయించుకొనిరి.

ఆ సభలో తెలుగు వచ్చినవాడను, నిజమెరిగినవాడను, ఎవరికిని వెరువ నక్కరలేనివాడను నేనే. లేచి యొక్కమాట చెప్పియుండవచ్చును. పొరుగూరివాడను, నాకెందుకని యూరకుంటిని. ఆమె తన స్వాతంత్ర్యమును నిండుగా వాడుకొనెను. నాది నా నోటనే యుండిపోయెను.

అప్పటినుండి, వాక్స్వాతంత్ర్యమున సగము వినువారి చేతిలో నున్నదని నాకు తోచుచున్నది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండగా ఈ సంగతి నెరిగిరి. సవరలకు చదువు చెప్పదలచి, ముందుగా తామే సవరభాష నేర్చిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి.

1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతముల గ్రామసభకు కొన్ని యధికారముల నిచ్చెను. అట్టి సభ పలికిన మాటను నిజముగా వినినచో నేమగునో, ఈ తూర్పుకనుమలలోనే, ఒడిశాలోని నియమగిరిపై 2013లో లోకము చూచినది. సుప్రీముకోర్టు తీర్పు ననుసరించి, జిల్లా న్యాయాధికారి సమక్షమున 12 పల్లెలలో గ్రామసభలు జరిగెను. 12 సభలును బాక్సైటు గని వలదనెను. మరుసటి సంవత్సరము కేంద్రప్రభుత్వము గనికి అనుమతి నిరాకరించెను. అచ్చట పలికినదియు కొండవారి నోరే. వినిన చెవి వేరు.

చదువరులారా! మన యిండ్లలో మాత్రము ఇట్టి పుస్తకములు లేవా? కోడలి మౌనమును, పనిమనిషి తలయూపును మనము సమ్మతిగా వ్రాసికొనుట లేదా?

ఆ పల్లెకు మరల పోవలయునని యున్నది. పోవునప్పటికి నాలుగు కువి మాటలైనను నేర్చికొని పోయెదను. వానిలో మొదటిది "వద్దు" అను మాట.