మిసెస్ మర్ఫీ వాటా

న్యూయార్క్ రాష్ట్రంలో ఇళ్ళ ఏజెంట్లు రెండేళ్ళకోసారి లైసెన్సు రెన్యూ చేయించుకోవాలంటే 22.5 గంటల క్లాసులు పూర్తి చెయ్యాలి. అందులో కనీసం 3 గంటలు గృహవివక్ష చట్టం గురించి. మనకి తెలియకుండానే మనలో పనిచేసే పక్షపాతం గురించి ఈ మధ్య మరో 2 గంటలు చేర్చారు. నా ఉద్యోగం ఆ గంటల్లోనే ఉంది. లాంగ్ ఐలండ్‌లో హోటల్ హాళ్ళలో ముప్ఫై నలభై మంది ముందు నిలబడి వివక్ష అంటే ఏమిటో చెబుతుంటాను. చాలామంది సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్ళే. "మీరు చాలా మృదువుగా చెప్పారు" అని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసిపోతారు. గోధుమరంగు ఆడమనిషి ఈ విషయం మాట్లాడుతున్నప్పుడు మృదుత్వం కూడా జీతంలో భాగమేనని నాకు త్వరగానే అర్థమైంది.

ఈ వృత్తి చరిత్ర అంత మృదువైనదేం కాదు. ఇళ్ళ విలువ తగ్గిస్తారనుకునే జాతులవాళ్ళని ఏ పేటలోకీ తీసుకురాకూడదని 1924లో రియల్టర్ల జాతీయ సంఘం తన నీతినియమావళిలోనే రాసుకుంది. జాతి అన్న మాట 1950లో తీసేశారు. క్షమాపణ చెప్పడానికి 2020 దాకా పట్టింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్‌లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టంలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం ఉన్నాయి. స్త్రీలు లేరు. 1974లో గానీ వాళ్ళకి చోటు దొరకలేదు. అప్పటిదాకా ఇంటి అప్పుకి భార్య జీతాన్ని సగమే లెక్కవేసినవాళ్ళున్నారు, పిల్లల్ని కనబోదని డాక్టరు ఉత్తరం తెమ్మన్నవాళ్ళున్నారు. పిల్లలున్న కుటుంబాలకీ, వికలాంగులకీ రక్షణ వచ్చింది 1988లో.

అదంతా పాతకథ అనేవాళ్ళకి నేను న్యూస్‌డే పత్రిక 2019లో ప్రచురించిన పరిశోధన చూపిస్తాను. ఒకే రకమైన ఆదాయం, ఒకే రకమైన అవసరాలు చెప్పే ఇద్దరిని, ఒక తెల్లవారిని, ఒక తెల్లవారు కానివారిని, ఒకే ఏజెంటు దగ్గరికి పంపి రహస్యంగా వీడియో తీశారు. నల్లవాళ్ళు వెళ్ళిన పరీక్షల్లో 49 శాతం, హిస్పానిక్‌లు వెళ్ళినవాటిలో 39 శాతం, ఆసియావాళ్ళు వెళ్ళినవాటిలో 19 శాతం తేడాగా చూసినట్టు తేలింది. ఎవరూ తిట్టలేదు. తలుపు మూసెయ్యలేదు. "మీకు అటువైపు బావుంటుంది" అన్నారంతే. దీన్ని స్టీరింగ్ అంటారు. "నీ మంచికే చెబుతున్నా" అన్న మాట చిన్నప్పట్నించీ వింటూ పెరిగిన ఆడవాళ్ళకి దీన్ని వేరే వివరించక్కర్లేదు.

చట్టంలో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది 'మిసెస్ మర్ఫీ' మినహాయింపు. నాలుగు వాటాలకి మించని ఇంట్లో యజమాని కూడా ఉంటుంటే, అద్దెకి ఎవరినైనా కాదనొచ్చు. మిసెస్ మర్ఫీ నిజమైన మనిషి కాదు. 1960లలో చట్టసభ చర్చల్లో తరచూ వినిపించిన ఊహాపాత్ర. గదులు అద్దెకిచ్చుకుని బతికే ఓ ముసలి వితంతువు, ఆవిణ్ణి ఇబ్బంది పెడతామా అన్నారు. ప్రకటనలో మాత్రం ఫలానావాళ్ళే కావాలని రాయడానికి ఆవిడకీ వీల్లేదు. జాతి కారణంగా కాదనడం కూడా 1866 నాటి చట్టం కింద కుదరదని 1968లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ఆవిడ చేతిలో మిగిలినవి మతం, పిల్లలు, ఆడా మగా. అంటే ఒక ఒంటరి స్త్రీ పేరు చెప్పి తెచ్చిన వెసులుబాటు, పిల్లతో ఇల్లు వెతుక్కునే ఇంకో ఒంటరి స్త్రీ మీద పడుతుంది. మా రాష్ట్ర చట్టంలో ఈ మినహాయింపు యజమాని ఉండే రెండు వాటాల ఇంటికే.

ఒక క్లాసు విరామంలో ఓ తెలుగమ్మాయి నా దగ్గరికొచ్చింది. హెచ్‌4 మీద ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండి, వర్క్ పర్మిట్ వచ్చాక ఈ లైసెన్సు తెచ్చుకుంది. క్లాసులో "మేడమ్" అన్నది, కాఫీ దగ్గర "అక్కా" అంది.

"అక్కా, మీరు చెప్పేదంతా తెల్లవాళ్ళ గురించి. నాకు ఫోన్ చేసే మనవాళ్ళు ముందడిగేది, ఆ వీధిలో మనవాళ్ళున్నారా అని."

'మనవాళ్ళు' అంటే ఎవరో తనకీ తెలుసు, నాకూ తెలుసు.

విడాకులు తీసుకున్న ఒకామెని, ఎనిమిదేళ్ళ కూతురితో సహా ఓ తెలుగువాళ్ళింటికి తీసుకెళ్ళిందట. పై వాటా ఖాళీ. ఇంటి పెద్దావిడ కాఫీ ఇచ్చింది. ఇంటిపేరడిగింది, ఊరడిగింది, మీ ఆయన ఎక్కడుంటారని అడిగింది. మర్నాడు, "మా అబ్బాయివాళ్ళు వస్తున్నారమ్మా, ఇవ్వటంలేదు" అంది. "ఇంటిపేరు నచ్చలేదో, ఊరు నచ్చలేదో, మొగుడు లేకపోవడం నచ్చలేదో ఆవిడ చెప్పలేదక్కా. మేం అడగలేదు."

చట్టంలోని జాబితాలు విడివిడి గడులు. ఆ పెద్దావిడ ప్రశ్నలు మాత్రం ఒకే గుక్కలో వచ్చాయి. కులం, పెళ్ళి కలిసే పనిచేస్తాయని మన దళిత స్త్రీలు ఎప్పట్నించో చెబుతున్నారు. ఫెడరల్ చట్టంలో కులం అన్న మాట లేదు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షని నిషేధించింది, ఇళ్ళ విషయంలో కూడా. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లుని అక్టోబరులో గవర్నర్ వీటో చేశాడు.

"మినహాయింపు ఆ యజమానికి ఉండొచ్చు, లైసెన్సున్న నీకు లేదు. ఎవరు కావాలో ఎవరొద్దో వాళ్ళు చెబితే ఆ పని నువ్వు చెయ్యకూడదు" అన్నాను.

"అలా అంటే ఇంకో ఏజెంటు దగ్గరికి పోతారు. ఈ డబ్బులే నాకు మొదటి సొంత డబ్బులు అక్కా."

తనది సాకు కాదు. ఒక స్త్రీ తన కాళ్ళమీద నిలబడాలంటే ఇంకో స్త్రీకి ఇల్లు దొరక్కుండా చెయ్యడంలో చెయ్యి కలపాలనే బేరం అది. మూడు గంటల క్లాసు ఆ బేరాన్ని రద్దు చెయ్యలేదు. కమీషన్ పోయినా అన్నం ఉంటుందన్న భరోసా నేనివ్వలేను. ఇవ్వగలిగింది ఒక్కటే: "అది చెబితే నా లైసెన్సు పోతుందండీ" అనగలిగే అవకాశం. తన నోటితో 'తప్పు' అనలేనిచోట చట్టాన్ని అడ్డం పెట్టుకోవచ్చు. మిసెస్ మర్ఫీ పేరుతో ఇన్నాళ్ళూ అవతలివాళ్ళు చేసింది అదేగా.

ఆ తర్వాత నా అభ్యాసాల్లో ఒక ప్రశ్న చేర్చాను: "ఇల్లు చూడ్డానికొచ్చినవారిని ఇంటిపేరు, ఊరు, భర్త గురించి అడిగారు. ఏజెంటుగా మీరేం చేస్తారు?" తెల్లవాళ్ళు అర్థంకాక చూస్తారు. మనవాళ్ళు కొందరు ఇబ్బందిగా నవ్వుతారు, ఒకరిద్దరు తల దించుకుంటారు. సిలబస్‌లో కులం లేదు కాబట్టి తీసెయ్యమని క్లాసులు నడిపే సంస్థ రెండుసార్లు మెయిల్ పంపింది. భర్త గురించి అడగడం సిలబస్‌లోనే ఉందని జవాబు రాశాను. ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.